వెనక నుంచి పట్టనివాడు

పోయిన వారం భోజనాలయ్యాక కాస్త నడుం వాలుద్దామని నేను మంచం ఎక్కానో లేదో, హాల్లో టీవీ గోల మొదలైంది. ఎవరో పేరున్న ఆటగాణ్ణి ఏదో కొట్లాట కేసులో పోలీసులు తీసుకెళ్లారట. తెరను నాలుగు గళ్లుగా కోసి, గడికొక పెద్దమనిషిని కూర్చోబెట్టారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతా ముగ్గురూ మాట్లాడుతున్నారు, కింద ఎర్రటి పట్టీలో అక్షరాలు పరిగెడుతున్నాయి, ఆ కుర్రాడు జీపెక్కే దృశ్యాన్ని తిప్పి తిప్పి చూపిస్తున్నారు. డిగ్రీ చదువుతున్న మా మనవరాలు ఫోనులోంచి తలెత్తకుండానే, "అయిపోయింది అమ్మమ్మా, ఇంక ఇతని కెరీర్ ఫినిష్" అంది. నిన్నటిదాకా ఆ కుర్రాడి బొమ్మ దాని ఫోను మీదే ఉండేది, ఈపాటికి తీసేసినట్టుంది కూడా. నాకు ఒళ్లు మండి టీవీ కట్టేశాను.

అది విసుక్కుంటూ లేచి పోయింది గానీ నాకింక నిద్ర పట్టలేదు. కళ్లు మూసుకుంటే మా ఊరి మిరప కల్లం, అందులో లాగు ఎగదోసుకుని కబడ్డీ కూతకు వెళుతున్న మా తమ్ముడు, ఒడ్డున గొంతుక్కూర్చుని వాణ్ణి తిడుతున్న మా పెదనాన్న కళ్ల ముందుకొచ్చి నిలబడ్డారు. కేసు పడ్డ ఆటగాడి బతుకు ఏమవుతుందో చెప్పడానికి ఆ నలుగురు పెద్దమనుషులూ ఏం చదువుకున్నారో నాకు తెలియదు. నేను మాత్రం దాన్ని మా ఇంట్లో, మా అమ్మ కళ్లలో, రెండేళ్లకు పైగా చూశాను.

నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, పల్నాడు ఊళ్లలో ఆ రోజుల్లో కబడ్డీ అంటే ఎంత పిచ్చో. పెద్దవాళ్లు ఇంకా చెడుగుడు అనే అనేవారు. మిరపకాయ ఎండి, బస్తాలకెక్కి, బండ్లు యార్డుకు కదిలిపోయాక, అలికి గట్టిపరిచిన కల్లాలు నున్నగా ఖాళీగా ఉండేవి. అవే మావాళ్లకు బరులు. కాయ పోయినా ఘాటు పోదు కదా. నేల గీరుకుంటే చాలు, ముక్కూ గొంతూ మండి దగ్గు ముంచుకొచ్చేది. సత్తెనపల్లి వైపు మిరప కల్లంలో దగ్గకుండా కూత పట్టగలిగినవాడు ఎక్కడికి పోయినా పట్టగలడని మా పెదనాన్న అనేవాడు. ఆయన మా నాన్నకు సొంత అన్న కాదు, పెదతాతయ్య కొడుకు. మా రెండిళ్లకూ మధ్య ఒక గోడ, మా రెండు చేలకూ కలిపి ఒక కల్లం, కాయ మీద కప్పడానికి ఉమ్మడిగా కొన్న టార్పాలిన్ పట్టాలు. తమ్ముడికి కాస్త ఊహ తెలిసినప్పటి నుంచీ వాడు మా నాన్న కొడుకో పెదనాన్న కొడుకో చెప్పలేనట్టుగా ఉండేది.

పెదనాన్న ఆట నేర్పే తీరు చూస్తే బయటివాళ్లు కొట్లాట అనుకునేవారు. చేతిలో కందికట్టె, నోట్లో బూతులు. ఆయనకు ఒకే ఒక్క నియమం ఉండేది, అది మాత్రం ఎవరు తప్పినా సహించేవాడు కాదు. కూతకొచ్చినవాణ్ణి వెనక నుంచి పట్టకూడదు. ఆటలో దానికి అడ్డేమీ లేదు, పెద్ద పెద్ద జట్లవాళ్లు పడతారు కూడా. ఆయన లెక్క వేరు. ఎదురొచ్చి, వాడి కళ్లలోకి చూసి, ఒక్క ఉరుకులో వంగి మడమ పట్టాలి. నడుం వెనక నుంచి వాటేసుకుని ఎత్తేవాళ్లను ఆయన దొంగల జాబితాలో కలిపేసేవాడు. ఒకసారి తమ్ముడు ఆశపడి అలా పట్టి గెలిచి, ఎగురుకుంటూ వస్తే, అందరి ముందూ చెంప పగలగొట్టి ఇంటికి పంపాడు. వాడు ఏడుస్తూ వచ్చి అన్నం తినకపోతే, ఆయనే వచ్చి తినిపించి వెళ్లాడు. ఆ తర్వాత తమ్ముడు జన్మలో ఎవర్నీ వెనక నుంచి పట్టలేదు.

ఆ మడమ పట్టే వాడికి అన్నం పెట్టింది. గుంటూరు దగ్గర ఒక నూలు మిల్లువాళ్లకు కబడ్డీ జట్టుండేది. ఇప్పటి పిల్లలకు విడ్డూరంగా ఉంటుంది గానీ, అప్పట్లో మిల్లులు ఆటగాళ్లను జీతానికి పెట్టుకునేవి. పేరుకు ఏదో గుమాస్తా కొలువు, చేసేదంతా ఆటే. తమ్ముడు అందులో చేరిన ఏడాదే రాష్ట్ర జట్టుకు ఎంపికలున్నాయని, వాడు తప్పకుండా ఎక్కుతాడని అనుకుంటున్నారు. నాకప్పటికి సత్తెనపల్లి టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా కొత్తగా ఉద్యోగం వచ్చింది. అక్కాతమ్ముళ్లం ఇద్దరం ఒకేసారి గడపకు రెండు వైపులా దీపాలు పెట్టామని మా అమ్మ కనపడినవాళ్లందరికీ చెప్పుకునేది. దిష్టి తగులుతుందని పెద్దమ్మ కసురుకునేది.

ఇక ఆ సంవత్సరం మిరప విరగపండింది. కాయ కల్లంలో ఎర్రగా పరిచి ఉంది. అలాంటి సమయంలో మధ్యాహ్నం పూట, అదను కాని అదనులో మబ్బు పట్టింది. వాన చుక్క పడితే ఎండుకాయ తెల్లబడి తాలుకాయ అయిపోతుంది, ఏడాది కష్టం అక్కడికక్కడే సగానికి పడిపోతుంది. రెండిళ్లవాళ్లూ కల్లానికి పరిగెత్తారు. ఉన్న పట్టాలు రెండిళ్ల కాయకూ చాలవు. ఒక పట్టాను ఈ కొస మా బాబాయి, ఆ కొస పెదనాన్న పట్టుకుని లాగారు. మాటా మాటా పెరిగింది. మా నాన్న ఏదో అనరాని మాట అన్నాడు, బాబాయి తోశాడు, పెదనాన్న కాయ రాశి పక్కన రాతి మీద పడి జబ్బ ఎముక విరిగింది. చివరికి మబ్బు నాలుగు చినుకులు రాల్చి వెళ్లిపోయిందట. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు ఆ మబ్బు మీద వచ్చినంత కోపం మనుషుల మీద రాదు.

ఆ తర్వాత జరిగింది మా వైపు అలవాటు ప్రకారమే జరిగింది. కొట్లాటలో ఇద్దరుంటే ఫిర్యాదులో ఇద్దరి పేర్లే రాయిస్తే అది ఫిర్యాదే కాదని మావాళ్ల నమ్మకం. అవతలి ఇంట్లో మగపుట్టుక పుట్టినవాళ్లందరి పేర్లూ ఎక్కాల్సిందే, అందులోనూ ఎవరి పేరెక్కితే ఆ ఇల్లు ఎక్కువ ఏడుస్తుందో ఆ పేరు అసలు వదలకూడదు. వెనకటికి మా ఊళ్లో మంచాన పడ్డ ముసలాయన ఒకాయన, గడ్డపలుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చి కొట్టాడని రాశారు. ఆ మాట విని ఆయన మంచంలోనే మీసం దువ్వుకున్నాడని చెప్పుకునేవారు. ఇలాంటి కాగితాలు రాసిపెట్టే పెద్దమనిషి ఒకడు మా ఊళ్లో ఉండేవాడు. నొప్పితో మూలుగుతున్న పెదనాన్న దగ్గర కూర్చుని, మొదటి ముద్దాయి మా నాన్న, రెండో ముద్దాయి బాబాయి, మూడో ముద్దాయి తమ్ముడు అని రాసేశాడు. పెదనాన్న కోపంలో ఉన్నాడు, అడ్డు చెప్పలేదు, వేలిముద్ర వేశాడు.

కానీ తమ్ముడు ఆ రోజు ఊళ్లో లేడు. ముందు రోజు సాయంత్రం పెదనాన్న కాళ్లకు దణ్ణం పెట్టి మరీ చీరాల బస్సెక్కాడు. చీరాల పక్క వాడరేవులో పోటీలు జరుగుతున్నాయి.

మర్నాడు పొద్దున నేను ఎక్స్ఛేంజీలో బోర్డు ముందు కూర్చుని ఉన్నాను. కొట్లాట సంగతి, పోలీసులు నాన్ననీ బాబాయినీ తీసుకెళ్లిన సంగతి అప్పటికే తెలిసింది. చీరాల నుంచి ట్రంక్ కాల్ వచ్చింది. అక్కడి ఆపరేటరమ్మాయి నాకు గొంతు పరిచయమే, నవ్వుతూ, మీ తమ్ముడే మాట్లాడతాడంటోంది. వాడు హలో కూడా అనలేదు. "అక్కా, గెలిచాం! పెదనాన్నకి చెప్పు, ఆఖరి కూత నేనే ఆపా, మడమ పట్టి" అన్నాడు. వాడి వెనకాల జనం అరుపులు, ఎవరో ఈల వేయడం వినపడుతున్నాయి. ఆ ఈలలు తగ్గేదాకా ఆగాను. చివరికి, ఒరేయ్, నీ పేరు కేసులో రాయించారు, నువ్వు తిన్నగా ఇంటికి రావద్దు, ముందు నా దగ్గరికి రా అని చెప్పాను. ఎవరు రాయించారని అడిగాడు. పెదనాన్న అన్నాను. వాడు ఫోను పెట్టేశాడు.

ఊళ్లో లేనివాడికి భయమేముంది, ఆ మాటే కోర్టులో చెబితే పోదా అని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. వాడు సత్తెనపల్లిలో నా గదికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, అసలు సంగతి చెప్పాక అది అంత తేలిక కాదని తెలిసింది. వాడు వాడరేవులో ఆడింది వాడి పేరు మీద కాదు. అక్కడి పల్లెకారుల జట్టు నాయకుడు వాడికి స్నేహితుడు, వల తాడు కోసుకుని అతని చేయి చీరుకుపోయింది. నాయకుడు లేక జట్టు ఓడిపోతుందని తమ్ముణ్ణి రమ్మని కబురు చేస్తే, వీడు వెళ్లి ఆ స్నేహితుడి పేరు చెప్పి బరిలో దిగాడు. ఇలా ఒకరి పేరు మీద ఇంకొకరు ఆడటం ఆ రోజుల్లో పల్లె పోటీల్లో మామూలే, అందరికీ తెలుసు, ఎవరూ పట్టించుకోరు. పట్టించుకుంటే మాత్రం మామూలుగా ఉండదు. మిల్లు జట్టువాడు పరాయి బరిలో కాలు పెట్టకూడదని షరతు. దొంగపేరుతో ఆడితే రాష్ట్రంలో ఇంకెక్కడా ఆడనివ్వరు.

అంటే వాడు ఎక్కడున్నాడో చెబితే కేసు పోతుంది, ఆట పోతుంది. చెప్పకపోతే కేసు ఉంటుంది, కేసులో శిక్ష పడితే ఉద్యోగమూ ఆటా కలిసి పోతాయి. మా ప్లీడరు గారు సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి, ఆటల గురించి ఆయనకు ఆవగింజంత కూడా తెలియదు. వాడరేవు నుంచి నలుగురు సాక్షుల్ని తెస్తే చాలంటాడు. తమ్ముడు ససేమిరా అన్నాడు. నేను చేయని దానికి నా ఆటెందుకు పోగొట్టుకోవాలి, చూద్దాం అన్నాడు. ఏం చూస్తాడో వాడికీ తెలియదు, మాకూ తెలియదు. వాడి మాటకే మేం కట్టుబడి నోరు మూసుకున్నాం.

ఆ వాడరేవు స్నేహితుడు ఎంత మంచివాడంటే, సంగతి తెలిసి, చేతికి ఇంకా కట్టుండగానే, సాక్ష్యం చెబుతానని ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని మా ఊరొచ్చాడు. నరసరావుపేట దాటిన దగ్గర్నుంచీ బస్సులోవాళ్లు ఆ వాసనకు అతణ్ణి తిట్టని తిట్టు లేదట. తమ్ముడు అతనికి కడుపునిండా భోజనం పెట్టించి, నువ్వు నోరు విప్పితే నా మీద ఒట్టే అని చెప్పి వెనక్కి పంపాడు. ఆ చేపలు మేం నెల రోజులు తిన్నాం, తిన్నప్పుడల్లా అమ్మ కళ్లు తుడుచుకునేది.

ప్లీడరు గారు తమ్ముణ్ణి కోర్టులో హాజరు పెట్టించాక, నాన్నకీ బాబాయికీ వాడికీ వారం తిరక్కుండానే బెయిలు వచ్చింది. మిల్లు మేనేజరు గారు చెడ్డవాడు కాదు. కేసు తేలేదాకా బరిలో దిగొద్దు, ఉద్యోగంలో మాత్రం ఉండు అని చెప్పి, దూది బేళ్ల గోడౌనులో వేశారు. రాష్ట్ర జట్టు ఎంపికలు వచ్చాయి, వెళ్లాయి. జట్టంతా పొద్దునే గ్రౌండులో కసరత్తు చేస్తుంటే వీడు గోడౌను కిటికీలోంచి చూస్తూ బేళ్లు లెక్కపెట్టుకునేవాడు. ఒకసారి ఉండబట్టలేక పక్క ఊళ్లో పోటీలు చూడ్డానికి వెళితే, జనంలో ఎవడో గుర్తుపట్టి "ఏ-త్రీ వచ్చాడ్రోయ్" అని అరిచాడట. కేసు కాగితాల్లో మూడో ముద్దాయిని అలాగే రాస్తారు కదా. అక్కణ్ణుంచి ఆ పేరు ఊరూరా పాకింది. దెబ్బలు తిన్నా నవ్వే పిల్లాడు, ఆ పేరు విన్నాక ఆట జరుగుతున్న వీధిలోకి వెళ్లడమే మానేశాడు. వాడికి అప్పుడు ఆటగాడి వయసు, అది బెయిలు మీద ఆగదు కదా. నాకు వాడి ముఖం చూడాలంటే భయమేసేది.

కల్లం మధ్యలో ముళ్లకంప వేశారు. పెదనాన్న జబ్బ అతికింది గానీ చేయి పైకి లేచేది కాదు. కంపకు అవతల కూర్చుని ఉండేవాడు, తమ్ముడు అటుగా వెళితే ముఖం తిప్పుకునేవాడు. వాడు దాటి వెళ్లాక వెనక నుంచి వాడి నడక చూసేవాడని పెద్దమ్మ తర్వాతెప్పుడో చెప్పింది. పెద్దమ్మా మా అమ్మా మాత్రం బోరింగు దగ్గర బిందెలు పట్టుకుంటూ, ఎదురుగా ఉన్న గోడకు చెబుతున్నట్టు ఒకరి యోగక్షేమాలు ఒకరు తెలుసుకునేవారు.

ఎట్టకేలకు పెదనాన్న సాక్ష్యం రోజు వచ్చింది. నేను సెలవు పెట్టి ముందు రోజే ఊరెళ్లాను. మా ఊరి నుంచి సత్తెనపల్లికి పొద్దున ఒక్కటే బస్సు. కాబట్టి ఫిర్యాదీ, ముద్దాయిలూ, ఆడవాళ్లూ అందరం ఆ బస్సులోనే వెళ్లాలి. వాళ్లు ముందు సీట్లలో, మేం వెనక సీట్లలో. దారిలో పెద్దమ్మకు కడుపులో తిప్పితే, అమ్మ సంచీలోంచి నిమ్మకాయ తీసి కండక్టరు చేత అందించింది. ఆయన ఆ నిమ్మకాయ తీసుకెళ్లి ఇస్తూ, "కేసు ఎవురిదమ్మా, మీదా ఆళ్లదా?" అని అడిగాడు.

కోర్టు హాలులో మిల్లు నుంచి వచ్చిన ఆఫీసరొకాయన వెనక బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కేసు ఎటు పోతుందో చూసి రమ్మని మేనేజరు గారు పంపారట. ఆయన్ని చూడగానే తమ్ముడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెదనాన్న బోనెక్కి, నేర్పిన పాఠం నేర్పినట్టే చెప్పుకొచ్చాడు. మా నాన్న తిట్టాడన్నాడు, బాబాయి తోశాడన్నాడు, మిగతాది కాగితంలో రాయించినట్టే అన్నాడు. ప్రభుత్వ ప్లీడరు కూర్చున్నాక మా ప్లీడరు గారు లేచి, గొంతు సవరించుకుని, మూడో ముద్దాయి వెనక నుంచి వచ్చి నడుం పట్టుకుని ఎత్తి పడేశాడని రాయించావు, వెనక నుంచి వచ్చినవాడి ముఖం నీకెలా కనపడింది అని అడిగారు. ఆయన ఉద్దేశం ఆ ఒక్క మాట మీద ముసలాయన్ని తికమకపెడదామని.

పెదనాన్న తికమక పడలేదు. అగ్గయిపోయాడు.

"ఎనక నించా? ఎవుడు రాశాడండీ ఆ మాట?"

నువ్వు రాయించిందేనని ప్లీడరు గారు కాగితం చూపించారు.

"నేను రాయిచ్చలా. ఆడెవుడో ఆట తెలీనోడు రాశాడు. ఈడు నా సేతుల్లో పెరిగినోడండీ. సచ్చినా ఎనక నించి పట్టడు. పడితే ఎదురొచ్చి మడం పడతాడు. ఆ పట్టు ఈడికి నేర్పింది నేను. జిల్లా మొత్తం అడగండి!"

హాలంతా ఒక్కసారి ఘొల్లున నవ్వింది. బంట్రోతు సైలెన్స్ అని అరిచాడు గానీ అతనూ నవ్వుతూనే ఉన్నాడు. మేజిస్ట్రేటు గారు మాత్రం నవ్వకుండా కలం ఆపి, అయితే ఇతను ఎదురుగా వచ్చి మడమ పట్టాడంటావా అని మెల్లగా అడిగారు. పెదనాన్న జవాబు చెప్పబోయి ఆగిపోయాడు. బోనులో నిలబడినప్పటి నుంచీ అటు చూడనివాడు, మొదటిసారి తమ్ముడి వంక చూశాడు. రెండేళ్లుగా చూడనట్టే ఉన్న మనిషి, తేరిపార చూశాడు. బోను కర్రను మంచి చేత్తో పట్టుకున్నాడు.

"లేదు బాబూ. ఆడు ఆ రోజు ఊళ్లోనే లేడు" అన్నాడు.

నాకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది, మరుక్షణమే గుండె ఆగినంత పనైంది. ఎందుకంటే తర్వాతి ప్రశ్న ఏమిటో హాల్లో ఉన్న ప్రతివాడికీ తెలుసు. ప్రభుత్వ ప్లీడరు లేచి, ఊళ్లో లేకపోతే మరెక్కడున్నాడు అని గద్దించాడు. వెనక బల్ల మీద మిల్లు ఆఫీసరు ముందుకు వంగాడు. వాడరేవు ప్రయాణం సంగతి పెదనాన్నకు తెలుసు, వాడు దణ్ణం పెట్టి చెప్పే వెళ్లాడు. ఎవరి పేరు మీద ఆడబోతున్నాడో కూడా తెలుసు. మా అమ్మ చేయి పక్కకు చాచి ఎవరి చేయి దొరికితే వాళ్లది పట్టుకుంది. అది పెద్దమ్మది. ఎప్పుడొచ్చిందో మా బల్ల మీదికే వచ్చి కూర్చుంది.

"ఏడుంటే ఏందండీ?" అన్నాడు పెదనాన్న, చిరాగ్గా. "నా కల్లంలో మటుకు లేడు. నా జబ్బ ఇరిగింది నా కల్లంలోనేగా?"

మేజిస్ట్రేటు గారు ఈసారి నవ్వు ఆపుకోలేకపోయారు. సాక్షి చెప్పింది చాలు అని రాసుకోవడం మొదలుపెట్టారు. మా ప్లీడరు గారికి ఆట తెలియకపోయినా ఎప్పుడు కూర్చోవాలో తెలుసు, ఠక్కున కూర్చున్నారు. మిల్లు ఆఫీసరు వెనక్కి వాలి చేతిరుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆయన కూడా ఇంతసేపూ మా కోసమే భయపడ్డాడని నాకు అప్పుడు తెలిసింది. హమ్మయ్య అనే మాట మనం రోజుకు పదిసార్లు వాడతాం గానీ, దాని అసలు బరువేమిటో నాకు ఆ కోర్టు హాల్లోనే తెలిసింది.

బయటికొచ్చాక ఎవరూ ఎవర్నీ కౌగిలించుకోలేదు. మావాళ్లకు అలాంటివి చేతకావు. సాయంత్రం అదే బస్సు. పొద్దున్నలాగే వాళ్లు ముందు, మేం వెనక. బస్సు సత్తెనపల్లి పొలిమేర దాటి మిరపచేల మధ్యకొచ్చాక పెదనాన్న లేచి, కడ్డీలు పట్టుకుంటూ వెనక్కి వచ్చి, తమ్ముడి పక్కన కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తూనే, "ఏరా, ఒళ్లు పెంచావు" అన్నాడు. "కూత పడుతున్నావా, ఆపేశావా?" వాడు పట్టడం లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. "ఏదీ, పట్టు" అన్నాడు పెదనాన్న. బస్సులోనా అన్నట్టు చూశాడు వాడు. "బస్సైతే? ఊపిరి ఆడదా ఈడ? పట్టరా!" అని కసిరాడు.

తమ్ముడు ఊపిరి పీల్చి, తల వంచుకునే మొదలుపెట్టాడు. కబడ్డీ కబడ్డీ కబడ్డీ. మొదట సన్నగా, తర్వాత స్థిరంగా. బస్సంతా మాటలు ఆపేసింది. ముందు సీట్లలో పెదనాన్న కొడుకులు వెనక్కి తిరిగి చూస్తున్నారు. మధ్యలో ఎవరో దిగాలంటే కండక్టరు ఈల వేయకుండా డ్రైవరుకు చేత్తో సైగ చేశాడు. కాలవ వంతెన దగ్గర మొదలైన కూత మా ఊరి మలుపు దాకా తెగలేదు. తెగిన చోట వాడు మోకాళ్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పెదనాన్న మంచి చేత్తో వాడి వీపు మీద ఒక్కటి చరిచి, "మలుపు దాటాల్సింది" అన్నాడు.

తీర్పు రావడానికి ఇంకా చాన్నాళ్లు పట్టింది. తమ్ముడి మీద కేసు కొట్టేశారు, నాన్నకీ బాబాయికీ పెదనాన్నకీ పెద్దల ముందు రాజీ అయింది, ముళ్లకంప పొయ్యిలోకి పోయింది. మిల్లు మళ్లీ వాణ్ణి బరిలోకి దింపింది. రాష్ట్ర జట్టు పిలుపు మాత్రం మళ్లీ రాలేదు. పోయిన ఆ రెండేళ్లూ ఎవరూ తెచ్చివ్వలేదు, ఆ లోటు వాడికి ఉంది, నాకూ ఉంది. కానీ ఆ తర్వాత చాలా ఏళ్లు ఆడాడు. వాడు కూతకు బయల్దేరితే జనం "ఏ-త్రీ! ఏ-త్రీ!" అని ఈలలేసేవారు. వెక్కిరించిన పేరుతోనే నెత్తిన పెట్టుకున్నారు. వాడూ తల ఎగరేసేవాడు. పెదనాన్న పోయిన రోజున, మంచం పాదాల దగ్గర కూర్చుని ఆయన మడమలు రెండూ పట్టుకుని వదలకపోతే, విడిపించడానికి నలుగురు కావలసి వచ్చారు.

ఇప్పుడు ఆ మిల్లు లేదు, మా ఎక్స్ఛేంజీ బోర్డు లేదు. మిరపకాయ కోల్డ్ స్టోరేజీలకు పోతోంది, మా కల్లంలో ఎవరో ఇల్లు కట్టుకున్నారు. నేను పాతకాలమే గొప్పదనే మనిషిని కాను. ఆ కాలంలోనే కదా ఊళ్లో లేని పిల్లాణ్ణి కేసులో రాశారు. టీవీలో ఆ కుర్రాడు నిజంగానే ఎవర్నైనా కొట్టి ఉంటే అనుభవించాల్సిందే, పేరున్నవాడని వదలమని నేననను. కానీ ఒక్కటి నాకు తోస్తుంది. మా తమ్ముడి మీద అబద్ధం రాయించినవాడు వాణ్ణి ఎరిగినవాడు. అబద్ధం చెప్పేవాడూ, దానితో నలిగేవాడూ ఒకే బస్సులో వెళ్లి ఒకే బస్సులో తిరిగొచ్చేవాళ్లు. అందుకే ఆ నిజం ఎప్పుడో ఒకప్పుడు ఆగలేక బయటపడింది. ఇప్పుడు తిట్టేవాళ్లకూ తిట్లు తినేవాడికీ ముఖపరిచయమైనా లేదు, తీర్పు సాయంత్రానికల్లా అయిపోతోంది.

ఆ మధ్యాహ్నమే తమ్ముడికి ఫోను చేశాను. వాడిప్పుడు గుంటూరులో ఉంటున్నాడు, మోకాళ్లు అరిగిపోయాయి, కూత మాత్రం ఇంకా పట్టగలడు. టీవీ చూశావా, ఆ అబ్బాయి బాగుపడతాడంటావా అని అడిగాను. చూస్తున్నానన్నాడు. తర్వాత, "వాడికి ఆట నేర్పినాయన ఎక్కడో ఉంటాడుగా అక్కా, ఆయన్నెవరైనా అడిగారా?" అన్నాడు.

నేను లేచి వెళ్లి మళ్లీ టీవీ పెట్టాను. నాలుగు గళ్లూ ఇంకా అరుచుకుంటూనే ఉన్నాయి. ఒక్కో ముఖమే వెతికి చూశాను. ఆయన లేడు.